గడ్డపోతారంలో సేవలకు మార్కులు వేసేదెవరు?

గడ్డపోతారం: జిన్నారం ప్రాంతంలోని ఈ పారిశ్రామిక గ్రామం 2025లో మునిసిపాలిటీ అయిన సంగతి విదితమే. ఊరు పట్టణమైనపుడు పన్నులు, వార్డుల మాట అందరికీ పడుతుంది. కాని ఆ ప్రకటనతో పాటు జరిగిన మరొక మార్పును గమనించినవారు తక్కువ. ఊరికి అందే సేవలను కొలిచే గజంబద్ద మారిపోయింది.

ఫ్యూజు పోయిందని ఫిర్యాదు అందితే గ్రామాలలో 12 గంటల లోపల, పట్టణాలలో 4 గంటల లోపల సరిచేయాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు చెడిపోతే గ్రామానికి 48 గంటలు, పట్టణానికి 24 గంటలు గడువు. కొత్త కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకుంటే, 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం గ్రామంలో 15 రోజులు, మునిసిపల్ ప్రాంతంలో 7 రోజులు. మంచినీటి సంగతికి వస్తే, మిషన్ భగీరథ ప్రణాళికలో తలకు రోజుకు గ్రామాలలో 100 లీటర్లు, మునిసిపాలిటీలలో 135 లీటర్లు అని లెక్క కట్టారు.

స్తంభాలు అవే. లైనుమన్లు వారే. మట్టిలో ఉన్న పైపులూ అవే. మారినది కాగితం మీది అంకె. ఆ అంకెకూ, ఊళ్లో జరిగేదానికీ మధ్య దూరమెంతో కొలిచే ఏర్పాటు ఉన్నదా, ఉంటే అందులో ఎవరి మాట చెల్లుబాటు అవుతున్నది అన్నది ఇప్పుడు తేలవలసిన ప్రశ్న.

కొలతలు తెలియని ఊరు కాదిది. ఖాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామిక వాడలోని మందుల ఫ్యాక్టరీలలో ముడిసరుకు తూకం మొదలుకొని రియాక్టరు వేడి వరకు ప్రతి మెట్టునూ బ్యాచ్ రికార్డులో గంట, నిమిషంతో సహా రాసి సంతకం చేయవలసిందే. రికార్డుకెక్కని పని జరగనట్లే లెక్క. విదేశాల మందుల నియంత్రణ సంస్థల ఇన్‌స్పెక్టర్లు వచ్చినపుడు ముందుగా అడిగే వాటిలో ఆ కాగితాలు ఉంటాయి. అటువంటి రికార్డు రాసి షిఫ్టు దిగిన కార్మికుడు గదికి పోయి కుళాయి తిప్పితే నీరు రాకపోవడం ఏ రిజిష్టరులో ఎక్కుతుందో అతనికి తెలియదు.

ఆశించినదెంత, అందినదెంత

సేవను కొలవడం బియ్యం కొలిచినంత సులభం కాదు. బియ్యం ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకోవచ్చు. బ్యాంకు గుమాస్తా ఇచ్చిన సమాధానాన్ని, కండక్టరు మాట తీరును తెచ్చి తూచలేము. ఈ చిక్కును విప్పడానికి అమెరికాలో ముగ్గురు ఆచార్యులు, పరశురామన్, వాలెరీ జైథామ్ల్, లియొనార్డ్ బెర్రీ, 1985లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించి 1988లో 22 అంశాల ప్రశ్నావళిని తయారుచేశారు. బ్యాంకైనా, టెలిఫోనైనా, యంత్రాల మరమ్మతైనా ఒకే ప్రశ్నావళి. చెప్పిన పని చెప్పినట్లు చేస్తున్నారా, పిలిస్తే పలుకుతున్నారా, పనివారి మీద నమ్మకం కలుగుతున్నదా, వచ్చినవాని బాధ వారికి పడుతున్నదా, కార్యాలయమూ పనిముట్లూ సరిగా ఉన్నాయా అన్నవి అందులోని ఐదు ముఖాలు. వారి పరిశీలనలో జనం అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చినది మొదటిదానికి. కార్యాలయానికి రంగులు వేయించి కుర్చీలు మార్చడం సేవాభివృద్ధిగా చూపే శాఖలు ఈ మాట గుర్తుంచుకోదగినది.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఒక తీసివేత. అందిన దానిలో నుండి ఆశించిన దానిని తీసివేయగా మిగిలినదే తృప్తి లేక అసంతృప్తి. చిక్కు కూడా అక్కడనే ఉన్నది. 1992లో క్రోనిన్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆశించినదానిని వదిలివేసి అందినదానిని మాత్రమే కొలవడం మేలని వాదించారు. ఆ వాదం గడ్డపోతారం వంటి చోటికి బాగా అతుకుతుంది. బీహారు, ఒడిశా, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్ పల్లెల నుండి పనికి వచ్చినవారు ఈ వాడలో ఎందరో ఉన్నారు. సొంత ఊళ్లో చేతిపంపు దగ్గర వరుస కట్టినవాడు రోజులో గంటసేపు వచ్చే కుళాయిని చూచి పరవాలేదంటాడు. అదే కుళాయికి హైదరాబాదు నుండి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి సున్న వేస్తాడు. నీరు ఒకటే, మార్కులు రెండు. తక్కువ ఆశించేవారు ఎక్కువగా ఉన్న ఊరికి ఎక్కువ మార్కులు పడతాయి. ఆ మార్కులు చూచి అక్కడ లోటు లేదని నిధులు వేరే చోటికి పోతే అడిగేవారుండరు.

మీటరు ఒకటి, గదులు పది

విద్యుత్ శాఖ దగ్గర కొలతలు లేకపోలేదు. వినియోగదారుకు సగటున ఏడాదిలో ఎన్ని నిమిషాలు సరఫరా ఆగింది, ఎన్నిసార్లు ఆగింది అన్న రెండు సూచికలు దేశమంతటా వాడుకలో ఉన్నాయి. ఇవి ఒకరిని అడిగి వేసే మార్కులు కావు, సరఫరా లెక్కల నుండి తీసేవి. ఆ మేరకు మంచిదే. అయితే సగటు అన్న మాటలోని మాయను కూడా చూడవలసి ఉన్నది. ఒక ఫీడరు కింద వెయ్యి కనెక్షన్లు ఉన్నాయనుకుంటే, అందులో ఒక వీధిలోని 50 కనెక్షన్లకు 10 గంటలు కరెంటు పోయినా సగటు తీసేసరికి వినియోగదారుకు అరగంట మాత్రమే వస్తుంది. ఆ అరగంట ఎవరూ అనుభవించినది కాదు. 950 ఇళ్లకు అసలు పోలేదు, 50 ఇళ్లకు రాత్రంతా జాగారమే.

రెండవది ఇంకా ముఖ్యమైనది. లెక్కలోకి వచ్చేది కనెక్షను, మనిషి కాదు. ఫ్యాక్టరీల చుట్టూ వరుసగా కట్టిన అద్దె గదులకు మీటరు యజమాని పేరు మీద ఉండడం పరిపాటి. గదికి నలుగురు చొప్పున పది గదులలో నలభై మంది ఉన్నా శాఖ దృష్టిలో వినియోగదారు ఒక్కరే. సేవ ఎట్లా ఉన్నదని ఫోను చేసి అడిగినా, ఎస్.ఎం.ఎస్. పంపినా అది పోయేది ఆ ఒక్క నంబరుకే. యజమాని ఆ వరుసలో ఉండకపోవచ్చు. జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ఉండవచ్చు. ఆయన వేసిన మార్కు నలభై మంది మార్కుగా నమోదవుతుంది. ఆ నలభై మంది గది అద్దెతో పాటు యూనిట్ లెక్కన కరెంటు డబ్బు కట్టేవారే అయినా, బిల్లు మీద వారి పేరు లేదు గనుక వారిని ఎవరూ అడగరు.

ప్రమాణం తప్పితే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టంలో ఉన్నది. దూరం నుండి కనిపెట్టగలిగిన లోపాలకు పరిహారం దానంతటదే జమ కావాలని 2020 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు చెప్పాయి. అయినా ఫ్యూజు వంటి చిన్న లోపాలకు 4 గంటల లెక్క మొదలయ్యేది ఫిర్యాదు నమోదైన క్షణం నుండి. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే గడియారం తిరుగుతుంది. తెలిసిన లైనుమనుకు ఫోను చేస్తే పని ఒక్కోసారి త్వరగా కావచ్చు గాని, ఆ ఫోనుకు నంబరు లేదు గనుక తెల్లవారేవరకు కరెంటు రాకపోయినా శాఖ లెక్కలో ఆలస్యం సున్న. నంబరుతో ఫిర్యాదు చేసినవారికి, పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంబుడ్స్‌మన్ వరకు వెళ్లడానికీ చేతిలో మొదట ఉండవలసినది ఆ నంబరే.

తేట నీరు

నీటి విషయం వేరు. ఇక్కడ తృప్తికీ నాణ్యతకూ పొత్తు కుదరదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక కట్టినపుడు పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 70 దాటినవన్నీ తీవ్ర కాలుష్య ప్రాంతాల పట్టికకెక్కాయి. ఎక్కువ మార్కులు వస్తే చెడ్డ పేరు వచ్చే పరీక్ష అది. అంతకు ముందే, పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యంలో, బాధిత గ్రామాలకు మంచినీరు అందించాలని ఆదేశాలు వెలువడ్డాయి. అంటే ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లకు కుళాయి నీరు సౌకర్యంగా గాక, చెడిపోయిన బావులకు బదులుగా వచ్చినది.

నీరు తేటగా ఉండి వాసన లేకపోతే తాగేవారు బాగున్నదనే అంటారు. తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో కరిగిన ఘనపదార్థాలు 500 మిల్లీగ్రాములు మించరాదు. వేరే వసతి లేనపుడు మాత్రమే 2,000 వరకు అనుమతి ఉన్నది. క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. సీసం, ఆర్సెనిక్ వంటి వాటికి వేరే పరిమితులున్నాయి. వీటిలో నాలుకకు తెలిసేవి ఒకటి రెండే. పైగా క్లోరిన్ వేసిన నీరు వాసన కొడుతున్నదని నొచ్చుకోవడం, వేయని బోరు నీటిని తియ్యగా ఉన్నదని మెచ్చుకోవడం ఊళ్లలో చూస్తున్నదే. ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కొని తాగే కుటుంబం కుళాయి నీటికి పూర్తి మార్కులు వేయవచ్చు. ఆ నీటిని బట్టలుతకడానికే వాడుతున్నది గనుక.

కాబట్టి నీటికి జనాన్ని అడిగి మాత్రమే మార్కులు వేస్తే పొరపాటు, జనాన్ని అడగకుండా వేసినా పొరపాటు. నీరు ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు వచ్చింది, చివరి ఇంటి బిందె నిండిందా అన్నవి వారినే అడగాలి. నీటిలో ఏమున్నదో పరీక్షాశాల తేల్చాలి. తేల్చినది కార్యాలయం ఫైలులో ఉంచక వార్డులో అందరూ చూచే చోట బోర్డు మీద రాయాలి. తాగునీటిని నెలనెలా పరీక్షించి ఫలితం ఇట్లా రాయించడానికి కొత్త మునిసిపాలిటీకి పెద్ద ఖర్చు కూడా కాదు.

చందా కట్టినవాడు

ఆసుపత్రులలో ఈ తికమక మరింత ఎక్కువ. జ్వరంతో వచ్చినవానికి సూది వేసి సెలైన్ ఎక్కిస్తే తృప్తి. సూది అక్కరలేదు, మాత్ర వేసుకొని నీళ్లు బాగా తాగు అన్న డాక్టరు సరైన వైద్యమే చేసినా మార్కులు పోగొట్టుకుంటాడు. ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల అభిప్రాయం తెలుసుకునేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో 'మేరా అస్పతాల్' అన్న ఏర్పాటు చేసింది. వైద్యం చేయించుకొని పోయినవారికి ఎస్.ఎం.ఎస్., ఫోను ద్వారా ప్రశ్నలు వస్తాయి. మంచి ప్రయత్నమే. కాని ఇటువంటి పద్ధతిలో అడిగేది వచ్చి పోయినవారిని. ఓ.పి. వరుస చూచి వెనుదిరిగినవాడు, రోజు కూలి పోతుందని అసలు గడప తొక్కనివాడు ఆ జాబితాలో ఉండరు. అన్నిటికన్నా తక్కువ మార్కులు వేయవలసినవారు వారే.

మార్కుల సంగతి అట్లా ఉంచి, లోపం జరిగితే అడిగే హక్కు ఎవరికున్నది అన్నది ఈ ప్రాంత కార్మికులకు ముఖ్యమైన విషయం. వైద్యం కూడా సేవే అని, డబ్బు తీసుకొని చేసే వైద్యంలో లోపం వస్తే వినియోగదారుల చట్టం కింద అడగవచ్చని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం అందులోకి రావు. మరి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఏ కోవలోకి వస్తుంది? అక్కడ బిల్లు కట్టించుకోరు గనుక ఉచితమే అని చాలామంది కార్మికులు అనుకుంటారు. అది నిజం కాదు. కిశోరీలాల్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇ.ఎస్.ఐ. చందాదారు వినియోగదారుడే. ఆయన జీతంలో నుండి కోసుకున్న సొమ్ముతో నడిచే వైద్యం అది.

ఎంత కోసుకుంటున్నారో చూస్తే సంగతి స్పష్టమవుతుంది. 2019 జులై నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం కార్మికుని వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 15,000 రూపాయల వేతనం ఉన్నవానికి సొంత వాటా 112 రూపాయల 50 పైసలు, యజమాని వాటా 487 రూపాయల 50 పైసలు. రెండూ కలిపి నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాని చందాకు సైతం మొదటి బాధ్యత ఫ్యాక్టరీ యజమానిదే. రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వరుసలో నిలుచున్న కార్మికుడు ధర్మాసుపత్రికి వచ్చినవాడు కాదు. ఏడాదికి ఏడు వేల పైచిలుకు రూపాయలు తన పేర ముందే కట్టి వచ్చినవాడు. మందు లేదు, బయట కొనుక్కో అంటే ఎందుకు లేదని కాగితం మీద అడిగే హక్కు అతనికి ఉన్నది. తాను దయ మీద వచ్చానని అనుకునేవాడు ఆశించేదీ తక్కువే, వేసే మార్కులూ ఎక్కువే.

బ్యాంకు, బస్సు, ఫోను

బ్యాంకుల విషయంలో మాత్రం చక్కని కొలత ఒకటి ఉన్నది. ఏ.టి.ఎం.లో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే 5 రోజులలోగా తిరిగి జమ చేయాలి, ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఖాతాదారుకు ఇవ్వాలి అని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. యూపీఐ ద్వారా మరొకరికి పంపిన సొమ్ము అవతలివారికి చేరకపోతే గడువు మరుసటి రోజే. ఫిర్యాదు చేసేవరకు ఆగకుండా బ్యాంకే తనంతట తాను ఈ పరిహారం జమ చేయాలన్నది ఆ ఆదేశంలోని విశేషం. జీతం పడగానే ఇంటికి డబ్బు పంపే వలస కార్మికునికి ఇంతకు మించి అక్కరకు వచ్చే నిబంధన లేదు. తృప్తిగా ఉన్నావా అని ఎవరూ అడగనక్కరలేదు. రోజులు లెక్కపెడితే చాలు. 1975లో తల్వార్ కమిటీ నాటి నుండి బ్యాంకులలో ఖాతాదారుల సేవ గురించి కమిటీలు ఎన్నో వచ్చాయి గాని, ఈ వంద రూపాయల నిబంధన ఒక్కటి అనేక నివేదికల పెట్టు.

బస్సుల లెక్క దీనికి విరుద్ధం. ఆర్టీసీ ముఖ్యంగా చూసుకునే అంకె సీట్లు ఎంత శాతం నిండాయన్నది. నూరు శాతం నిండితే డిపోకు మంచి పేరు. నూరు దాటితే ఇంకా మంచి పేరు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ షిఫ్టుకు పోయేవానికి అది మంచి సేవ ఎట్లా అవుతుంది? బస్సు వేళకు వచ్చిందా, స్టాపులో ఆగిందా అన్న రెండు ప్రశ్నలకు ఆ శాతంలో జాగా లేదు.

టెలిఫోనులో 2024 అక్టోబరు నుండి ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు అమలవుతున్నాయి. జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగితే చందాదారులకు మినహాయింపు ఇవ్వాలన్న నియమం వాటిలో చేరింది. జిల్లా అంతటికీ ఒకే కొలత. ఒక్క పారిశ్రామిక వాడలో సిగ్నలు లేకపోతే దాని కిందకు రాదు. సిగ్నలు లేక ఓ.టి.పి. అందనివాడు బ్యాంకును తిట్టుకోవడం కద్దు.

బెంగుళూరు చేసిన పని

సేవలందించే శాఖలు తమ మార్కులు తామే వేసుకోకుండా జనం చేత వేయించిన ఉదాహరణ మన పక్కనే ఉన్నది. బెంగుళూరులో శామ్యూల్ పాల్ అనే ఆర్థికవేత్త చొరవతో 1994లో పౌరుల ప్రగతి పత్రం వెలువడింది. నీరు, కరెంటు, టెలిఫోను, ఆసుపత్రి, నగరాభివృద్ధి సంస్థ అన్నిటినీ ఒకే గాటన కట్టి, పనికి ఎన్నిసార్లు తిరిగారు, లంచం అడిగారా అన్న ప్రశ్నలతో సహా అడిగారు. మురికివాడలలో వేరుగా సర్వే చేశారు. ఫలితాలు పత్రికలలో వచ్చేసరికి శాఖలు ఉలిక్కిపడ్డాయి. 1999లో రెండవసారి చేసినపుడు మార్పు కొద్దిగానే కనిపించింది. 2003లో మూడవసారికి చాలా శాఖల మార్కులు చెప్పుకోదగినంతగా పెరిగాయి. అంటే తొమ్మిది సంవత్సరాలు పట్టింది. ఒకసారి సర్వే చేసి నివేదిక అట్టపెట్టెలో పెట్టే పనికి ఆ ఫలితం రాదు.

మునిసిపాలిటీ కావడంతో గడ్డపోతారం ఇక స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పట్టణాల వరుసలోకి వస్తుంది. 2016లో మొదలైన ఆ పోటీలో పౌరుల అభిప్రాయానికీ మార్కులున్నాయి. అభిప్రాయాలు సెల్‌ఫోను ద్వారా సేకరిస్తారు గనుక సిబ్బందే పదిమంది చేత నొక్కించి లెక్క నింపే ప్రమాదం ఏ పట్టణంలోనైనా ఉండేదే. అంతకన్నా పాలకవర్గం తన కోసం తాను ఒక చిన్న పత్రం తయారుచేసుకోవడం మేలు. వార్డుకు కొన్ని ఇళ్లు చీటీ తీసి ఎంచుకోవాలి. వాటిలో అద్దె గదుల వరుసలు తప్పక ఉండాలి, యజమానిని గాక గదిలో ఉన్నవానిని అడగాలి. ప్రశ్నలు తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో ఉండాలి. బాగున్నదా బాగులేదా అని గాక, నిన్న నీరు ఎన్నింటికి వచ్చింది, పోయినసారి కరెంటు పోతే ఎంతసేపటికి వచ్చింది, చెత్తబండి ఈ వారం ఎన్నిసార్లు వచ్చింది అని అడగాలి. ఆరు నెలల తరువాత అవే ప్రశ్నలు మళ్లీ అడగాలి.

ఈలోగా లోపం జరిగినవారికి వేరే దారి లేకపోలేదు. 2020 జులై 20 నుండి అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోట గాని, పనిచేసే చోట గాని కేసు వేయవచ్చు. పట్నాలో ఖాతా తెరిచి గడ్డపోతారంలో పనిచేస్తున్నవాడు పట్నా పోనక్కరలేదు, సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. రెండు సంవత్సరాలలోగా వేయాలి. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగు, హిందీలతో పాటు ఒడియా, మైథిలీ, సంతాలీ వంటి 17 భాషలలో ఫిర్యాదు వింటారు. ఈ నంబరును తెలుగులోను, హిందీలోను రాసి ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, అద్దె గదుల వరుసల దగ్గర పెట్టించడం మునిసిపాలిటీకి ఒక పూట పని. ఇల్లిల్లూ తిరిగి అడిగే సర్వేను మాత్రం మధ్యాహ్నం పూట పెట్టుకోరాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు ఆ వేళకు తలుపులు వేసుకొని నిద్రలో ఉంటారు.